పరమాణువును ఎప్పటి నుంచి నమ్మవచ్చు?

పరమాణువు ప్రస్తావన వస్తే చాలు, మన దగ్గర ఒక తగువు మొదలవుతుంది: కణాదుడు ముందా, డెమోక్రిటస్ ముందా? వైశేషిక సూత్రాల కాలం గురించి పండితులే ఒక మాట మీద లేరు, శతాబ్దాల తేడాతో లెక్కలు కడతారు. డెమోక్రిటస్ మాత్రం క్రీ.పూ. 5వ శతాబ్దంలో, గ్రీసుకు ఉత్తరాన థ్రేస్ తీరంలోని అబ్దెరా పట్టణంలో పుట్టాడని చెప్పవచ్చు. ఈ తగువు ఎటు తేలినా అంతకంటే పెద్ద ప్రశ్న ఒకటి మిగిలే ఉంటుంది. పదార్థమంతా కంటికి ఆనని కణాల కూర్పు అని చెప్పడం ఒకటి, అలా నమ్మడానికి తగిన ఆధారం చేతిలో ఉండడం మరొకటి. ఈ రెండింటికీ నడుమ రెండు వేల ఏళ్లకు పైగా దూరం ఉంది. ఆ దూరం ఎలా తరిగిందో చూడకుండా ఎవరు ముందన్నది తేల్చుకుంటే దక్కేది పేరు మాత్రమే. ఒకదానితో ఒకటి పొత్తులేని పద్ధతుల్లో వెళ్లినవాళ్లకు ఒకే అంకె తగలడం మొదలైనప్పుడే పరమాణువు శాస్త్రవిషయం అయిందని నా వాదన. అది జరిగేదాకా దాన్ని శంకించినవాళ్లలో చాలామంది సరైన కారణంతోనే శంకించారు. వాళ్ల శంకలను పక్కన పెట్టి పరమాణు చరిత్ర రాస్తే సగం కథే అవుతుంది.

ముందుగా ప్రాచీనుల సంగతి. గ్రీసులో ఈ ఆలోచన ఒక తర్కసంకటంలోంచి పుట్టింది. ఉన్నది లేకుండా పోదు, లేనిది ఉనికిలోకి రాదు, కాబట్టి మార్పు అన్నదే భ్రమ అని పార్మెనిడెస్ వాదించాడు. కళ్లముందు జరిగే మార్పును కాదనకుండా ఈ వాదానికి జవాబు చెప్పాలి. ల్యుసిప్పస్, డెమోక్రిటస్ చెప్పిన జవాబు ఇది: మారనివి కణాలు, మారేది వాటి అమరిక, ఆ కణాలు కదలడానికి చోటిచ్చేది శూన్యం. రంగు, రుచి, వేడి కణాల్లో ఉండవని, కణాల ఆకారం, పరిమాణం, కూర్పుల వల్ల మనకు అలా తోస్తాయని వాళ్లన్నారు. ఈ మాటకు ఇవాళ్టికీ బలం ఉంది. వైశేషికులు మరో దారిన వెళ్లారు. విభజనకు అంతమంటూ లేకపోతే మేరుపర్వతంలోనూ ఆవగింజలోనూ భాగాలు అనంతమే అవుతాయి, అప్పుడు ఆ రెండింటి పరిమాణంలో తేడాకు కారణమే చెప్పలేం, కాబట్టి విభజన ఎక్కడో ఆగాలి అన్నది వాళ్ల యుక్తి. వాళ్ల పరమాణువులు పృథివి, జలం, తేజస్సు, వాయువు అని నాలుగు జాతులు. డెమోక్రిటస్ కణాలకు లేని గంధం, రుచి, రూపం (అంటే రంగు), స్పర్శ వీటికి జాతిని బట్టి ఉంటాయి. రెండు పరమాణువులు కలిస్తే ద్వ్యణుకం, మూడు ద్వ్యణుకాలు కలిస్తే త్ర్యణుకం. కిటికీలోంచి పడే ఎండలో ఆడే నలుసే ఆ త్ర్యణుకం. 17వ శతాబ్దపు తెలుగు పండితుడు అన్నంభట్టు తన తర్కసంగ్రహానికి తానే రాసుకున్న దీపికలో ఈ అనుమానాన్ని మెట్టుమెట్టుగా చూపిస్తాడు: ఆ నలుసు కంటికి కనబడుతోంది కనుక కుండలాగే దానికీ అవయవాలుండాలి, ఆ అవయవాలకూ అవయవాలుండాలి, అక్కడితో ఆగాలి.

ఈ తర్కం ఎంత చక్కనిదో దాని పరిమితి అంత స్పష్టంగా కనిపిస్తుంది. ఆ లెక్కన ఎండలో కనిపించే నలుసులో ఉండే పరమాణువులు ఆరు. నేటి కొలతల ప్రకారం మిల్లీమీటరులో నూరోవంతు వెడల్పున్న ధూళికణంలో పరమాణువులు లక్షల కోట్ల లెక్కలో ఉంటాయి. ప్రాచీనులను తక్కువ చేయడానికి ఈ పోలిక తేలేదు. ఆరు అన్నది వాళ్లు కొలిచి చెప్పిన అంకె కాదు, కంటికి కనిపించేది ఎక్కడ మొదలవుతుందన్న ప్రశ్నకు తర్కం ఇచ్చిన సమాధానం. దాన్ని సరిచూసుకునే సాధనం వాళ్లకు లేదు, లేదన్న లోటు వాళ్ల వాదానికి తగలనూ లేదు. వాళ్లు ఎదుర్కొన్న ఆక్షేపణలు కూడా తర్కానివే. వసుబంధుడు వింశతికలో అడిగిన ప్రశ్న అన్నిటికంటే పదునైనది. నడిమి పరమాణువుకు ఆరు దిక్కులా ఆరు పరమాణువులు తగిలి ఉంటే దానికి ఆరు పక్కలున్నట్టే, అంటే భాగాలున్నట్టే. ఆరూ ఒకే చోట తగిలాయంటే మొత్తం ముద్ద ఒక్క పరమాణువంతే అవుతుంది. శంకరాచార్యులు బ్రహ్మసూత్రభాష్యంలో ఇదే సందును ఇంకోవైపు నుంచి పొడిచారు: భాగాలు లేనివి పూర్తిగా కలిస్తే పరిమాణం పెరగదు, కొంతమేర కలిస్తే భాగాలు ఒప్పుకున్నట్టే. అటు అరిస్టాటిల్ శూన్యాన్ని ఒప్పుకోలేదు. పదార్థం అవిచ్ఛిన్నమన్నాడు, చిన్న కణాలు పక్కపక్కన చేరడం నిజమైన మిశ్రమం కాదన్నాడు.

పచ్చికుండ ఆవంలో కాలి ఎర్రబడడం గురించి మన తార్కికులు చేసిన చర్చ ఈ సందర్భంలో గుర్తుచేసుకోదగినది. వేడికి కుండ పరమాణువుల దాకా విడిపోతుందని, వాటి రంగు మారాక అవి మళ్లీ కలిసి కుండవుతాయని వైశేషికులన్నారు. కాలిన తరువాత కూడా ఇది అదే కుండ అని గుర్తుపడుతున్నాం కదా, కుండ విడిపోకుండానే వేడి దాని సందుల్లోకి చొరబడి రంగు మారుస్తుందని నైయాయికులన్నారు. సరైన రసాయన ప్రశ్న ఇది. వేడికి పదార్థం లోపల ఏం జరుగుతుందని అడుగుతోంది. అయినా శతాబ్దాల తరబడి రెండు పక్షాలూ అలాగే నిలిచాయి. కుండను కాల్చకముందు, కాల్చిన తరువాత తూచడం ఈ వివాదంలో ఎవరికీ అవసరమనిపించలేదు. తూచి ఉన్నా ఈ ప్రశ్న తేలేది కాదన్న మాట నిజమే. అయితే తూకానికి లొంగే ప్రశ్నలు వేరే ఉన్నాయని తెలియాలంటే ముందు తూచే అలవాటు రావాలి.

ఐరోపాలో 17వ శతాబ్దంలో పరమాణువులు మళ్లీ లేచాయి. ఎపిక్యూరస్ కణవాద బోధను కావ్యంగా మలిచిన లుక్రీషియస్ గ్రంథం 1417లో మళ్లీ వెలుగు చూసింది. దైవనిరాకరణ దోషం అంటకుండా ఆ కణవాదాన్ని గాసెండి క్రైస్తవానికి సరిపెట్టాడు. బాయిల్, న్యూటన్ కణాలనే నమ్మారు. ఇక్కడితోనే ఆధునిక పరమాణువు పుట్టిందని చాలా పుస్తకాలు రాస్తాయి. నేను ఒప్పుకోను. కారణం చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. ఒత్తిడి రెట్టింపైతే వాయువు ఘనపరిమాణం సగమవుతుందని బాయిల్ 1662లో చూపించాడు. న్యూటన్ 1687లో ప్రిన్సిపియాలో, కదలకుండా ఉంటూ ఒకదాన్నొకటి దూరానికి విలోమానుపాతంగా నెట్టుకునే కణాలను ఊహించి ఈ నియమాన్ని రాబట్టాడు. 1738లో డేనియల్ బెర్నూలీ, అన్ని వైపులా పరుగెత్తుతూ పాత్ర గోడలను కొట్టే కణాల నుంచి అదే నియమాన్ని రాబట్టాడు. ఒకరి కణాలు నిశ్చలం, ఇంకొకరివి నిరంతర చలనం, ఫలితం మాత్రం ఒకటే. ఒక నియమానికి పొసగినంత మాత్రాన చిత్రం నిజమైపోదని ఇంతకంటే బాగా ఏదీ చూపలేదు. ఈ సంగతి న్యూటన్‌కే తెలుసు. వాయువుల్లో నిజంగా అలాంటి కణాలున్నాయా అన్నది వేరుగా పరిశోధించవలసిన ప్రశ్న అని ఆయనే వదిలిపెట్టాడు. 1789లో లెవోయిజర్ తన రసాయన గ్రంథంలో 33 మూలకాల పట్టిక ఇస్తూ, పదార్థపు తుది కణాల గురించి మాట్లాడడం వట్టి తత్వచర్చ అని పక్కనపెట్టాడు. విశ్లేషణ ఎక్కడ ఆగితే అదే ఇప్పటికి మూలకం అన్నాడు. పరమాణువును పక్కనపెట్టిన ఆ నిర్ణయమే పరమాణువుకు దారి వేసింది. మూలకమంటే ఏమిటో తూకంతో తేలకపోతే, ఒక్కో మూలకానికి ఒక్కో రకం పరమాణువని చెప్పడానికి డాల్టన్‌కు ఆధారమే ఉండేది కాదు.

జాన్ డాల్టన్ మాంచెస్టరులో పాఠాలు చెప్పుకుంటూ వాతావరణం గమనించిన మనిషి. గాలిలోని వాయువులు బరువుల ప్రకారం పొరలుగా ఎందుకు విడిపోవు, నీటిలో ఒక్కో వాయువు ఒక్కో మోతాదులో ఎందుకు కరుగుతుంది అన్న ప్రశ్నలు ఆయన్ను కణాల బరువు దగ్గరికి తెచ్చాయి. పరమాణు భారాల తొలి పట్టిక 1803 సెప్టెంబరు నాటి ఆయన నోటుపుస్తకంలో ఉంది, ఆయన గ్రంథం మొదటి భాగం 1808లో వచ్చింది. ఆయన కొత్తగా తెచ్చింది కణం అన్న భావన కాదు, ఆ కణాన్ని తక్కెడకు కట్టిన తీరు. ఒకే మొత్తం కార్బన్‌తో కలిసే ఆక్సిజన్ ఒక వాయువులో ఎంత ఉంటే రెండో వాయువులో సరిగ్గా దానికి రెట్టింపు ఉంటుంది. ఒకటిన్నర పైన చిల్లర రాదు, అవిచ్ఛిన్న పదార్థమైతే అలా రాకపోవడానికి కారణమూ ఉండదు. కణాలు ఒకటి, రెండు, మూడుగా కలుస్తాయనుకుంటే పూర్ణసంఖ్యలు వాటంతట అవే వస్తాయి. ఇది గట్టి ఆధారమే, కానీ అసంపూర్ణం. ఒక గంపలో కొబ్బరికాయల మొత్తం బరువు నిమ్మకాయల మొత్తం బరువుకు ఎనిమిది రెట్లని తెలిసినా, ఎన్ని కొబ్బరికాయలకు ఎన్ని నిమ్మకాయలో తెలియకపోతే ఒక్కో కాయ బరువు ఎంతకెంతో చెప్పలేం. నీటి విషయంలో డాల్టన్‌ది అదే ఇబ్బంది. అత్యంత సరళమైన కూర్పునే ప్రకృతి ఎంచుకుంటుందని ఊహించి, నీటి కణంలో ఒక హైడ్రోజన్, ఒక ఆక్సిజన్ అన్నాడు. 1808 నాటి ఆయన పట్టికలో హైడ్రోజన్ 1 అయితే ఆక్సిజన్ 7. తూకంలోని పొరపాటును సరిచేస్తే 8 వస్తుంది. అసలు విలువ 16. ఈ రెట్టింపు తేడాకు తూకం కారణం కాదు, ఊహ కారణం.

ఊహను సరిచేసే దారి వెంటనే కనిపించింది, కానీ దాన్ని తీసుకోవడానికి యాభై ఏళ్లు పట్టింది. రెండు పాళ్ల హైడ్రోజన్, ఒక పాలు ఆక్సిజన్ కలిస్తే రెండు పాళ్ల నీటి ఆవిరి వస్తుందని గే-లుసాక్ 1808లో చూపించాడు. సమాన ఘనపరిమాణాల్లో కణాలు సమానమనుకుంటే ఒక్క ఆక్సిజన్ కణం రెండు నీటి కణాల్లోకి చేరాలి, అంటే పగలాలి. పరమాణువు పగలదు కనుక గే-లుసాక్ కొలతలే తప్పని డాల్టన్ పట్టుబట్టాడు. ఆక్సిజన్ వాయుకణం రెండు పరమాణువుల జంట కావచ్చని, ఆ జంటే విడిపోతుందని 1811లో అవొగాడ్రో చెప్పాడు. నేటి పాఠశాల పిల్లలకు ఇది తేలిక మాట. ఆనాడు దీన్ని కాదనడానికి గట్టి కారణమే ఉంది. పరమాణువులను కలిపి ఉంచేది వ్యతిరేక విద్యుదావేశాల ఆకర్షణ అని బెర్జీలియస్ చూపాడు, విద్యుత్ విశ్లేషణలో దానికి ఆధారం కళ్లకు కట్టినట్టు కనబడుతోంది. అలాంటప్పుడు ఒకే రకం పరమాణువులు రెండు ఎలా జతకడతాయి? పైగా డ్యూమా బాష్పసాంద్రతలు కొలిస్తే, రసాయన పద్ధతుల్లో వచ్చిన పరమాణు భారాలతో పోలిస్తే పాదరసానికి సగం, భాస్వరానికి రెట్టింపు, గంధకానికి మూడు రెట్లు వచ్చాయి. తనకు అధికారముంటే పరమాణువు అన్న మాటను శాస్త్రంలోంచి చెరిపేసేవాణ్నని డ్యూమా 1830లలో అన్నాడంటే, అది మొండితనం కాదు. తాను స్వయంగా కొలిచిన అంకెలకు పొంతన కుదరనప్పుడు నిజాయతీ గల ప్రయోగశీలి చెప్పవలసిన మాటే చెప్పాడు. ఈ గందరగోళం ఎంతదాకా పోయిందంటే, 1861లో కెకూలే తన పాఠ్యగ్రంథంలో ఒక్క అసిటిక్ ఆమ్లానికే వాడుకలో ఉన్న పంతొమ్మిది సూత్రాలను వరసగా అచ్చువేశాడు.

ఈ చిక్కు విప్పిన కన్నిజారో కొత్త ప్రయోగం చేయలేదు, కొత్త కణాన్ని కనిపెట్టలేదు. 1858లో జెనోవాలో తన విద్యార్థులకు చెప్పిన పాఠాల సారాన్ని ప్రచురించాడు. పద్ధతి ఇది. హైడ్రోజన్ అణువును 2గా తీసుకుని, ఆవిరిగా మారే సమ్మేళనాల అణుభారాలను బాష్పసాంద్రతతో కట్టాలి. ఒక్కో దానిలో ఒక మూలకం వాటా ఎంతో విశ్లేషణతో చూడాలి. కార్బన్‌నే తీసుకుంటే, 28 భారమున్న కార్బన్ మోనాక్సైడులో 12, 44 భారమున్న కార్బన్ డయాక్సైడులో 12, 16 భారమున్న మీథేనులో 12, 28 భారమున్న ఇథిలీనులో 24. ఎక్కడ చూసినా 12 గానీ దాని గుణిజం గానీ తప్ప 6 రాదు, 18 రాదు. అంటే కార్బన్ పరమాణువు భారం 12. ఈ అంకె ఎవరి సరళతా సూత్రం మీదా ఆధారపడదు. ఇక్కడ నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచేది రెండో సాక్ష్యం. ఘనపదార్థ రూపంలోని మూలకాల విశిష్టోష్ణాన్ని పరమాణు భారంతో గుణిస్తే దాదాపు ఒకే విలువ వస్తుందని డ్యులాంగ్, పెటిట్ 1819లోనే కనుక్కున్నారు. బాష్పసాంద్రతకూ దీనికీ ఏ సంబంధమూ లేదు. ఒకటి ఆవిరిని తూచడం, ఇంకొకటి లోహాన్ని వేడిచేయడం. అయినా పాదరసం లాంటి మూలకాలకు రెండు దారులూ ఒకే భారాన్ని చూపాయి. డ్యూమాను కలవరపెట్టిన అంకెలు కూడా చోటుకు చేరాయి. పాదరసం ఆవిరిలో పరమాణువులు ఒంటరిగా ఉంటాయి, భాస్వరంలో నాలుగేసి, ఆయన కొలిచిన వేడిలో గంధకంలో దాదాపు ఆరేసి. 1860 సెప్టెంబరు 3 నుంచి 5 దాకా కార్ల్‌స్రూహేలో జరిగిన రసాయనవేత్తల మహాసభలో వాదనలు తేలలేదు. సభ ముగిశాక కన్నిజారో కరపత్రం పంచారు, దాన్ని ఇంటికి తీసుకెళ్లి చదివినవాళ్లు మారారు. ఆ సభకు వచ్చినవాళ్లలో లోథార్ మేయర్, మెండెలీవ్ ఉన్నారు. తొమ్మిదేళ్ల తరువాత మెండెలీవ్ వేసిన ఆవర్తన పట్టికకు ఆధారం ఈ సవరించిన భారాలే.

ఇక్కడ ఒక బలమైన ఆక్షేపణ ఉంది. 12 అన్నది ఒక నిష్పత్తి మాత్రమే. కార్బన్ ఏ మోతాదుల్లో కలుస్తుందో అది చెబుతుంది, కణాలు ఉన్నాయని చెప్పదు. మోతాదుల నియమాలను ఒప్పుకుంటాం, కణాలను ఎందుకు ఒప్పుకోవాలి? ఫ్రాన్సులో బెర్తెలో ఈ కారణంతోనే పాత తుల్యభారాల పద్ధతిని చాలాకాలం కాపాడాడు. ఆయన పలుకుబడి వల్ల ఆ దేశపు విద్యార్థులు ఒక తరం పాటు కాలం చెల్లిన సూత్రాలు నేర్చుకున్నారు. శంక ఎల్లప్పుడూ మేలు చేయదని ఒప్పుకోవాలి. జవాబు రాగానే విడిచిపెట్టడం తెలియని శంక అడ్డంకే. అయినా ఆక్షేపణ తనంతట తాను న్యాయమైనదే, దానికి రసాయనశాస్త్రం ఒక జవాబు చెప్పింది, అది నిష్పత్తులకు అందనిది. 1874లో వాంట్ హాఫ్, లబెల్ విడివిడిగా, కార్బన్ నాలుగు బంధాలు చతుర్ముఖి మూలల వైపు చాచి ఉంటాయని ప్రతిపాదించారు. ఒకే మూలకాలు, ఒకే నిష్పత్తి, ఒకే బంధాలు, అయినా ధ్రువిత కాంతిని ఒకటి కుడికీ ఇంకొకటి ఎడమకూ తిప్పే రెండు పదార్థాలు ఎందుకుంటాయో అప్పటికి గానీ అర్థం కాలేదు. ఎడమచేయి, కుడిచేయి తేడా ఆకారానికి ఉంటుంది గానీ నిష్పత్తికి ఉండదు. వాదంలో పేరున్న కోల్బే దీన్ని పత్రికకెక్కి తిట్టాడు. సమ్మేళనాల లెక్క మాత్రం వాంట్ హాఫ్ చెప్పినట్టే వచ్చింది.

భౌతికశాస్త్రం వైపు నుంచి వచ్చిన సాక్ష్యంలోనూ ఇదే తీరు. కణాలు పరుగెత్తుతుంటే వాయువు స్నిగ్ధత దాని సాంద్రత మీద ఆధారపడకూడదని మాక్స్‌వెల్ 1860లో లెక్కకట్టాడు. పలచనైన గాలి కూడా చిక్కటి గాలి అంతే ఆపుతుందన్న ఫలితం ఆయనకే వింతగా తోచింది. తరువాత భార్య కేథరీన్ సాయంతో ఇంట్లోనే ప్రయోగాలు చేసి అది నిజమేనని చూశాడు. 1865లో లోష్మిట్ వాయువుల లక్షణాల నుంచి అణువు పరిమాణాన్ని మొదటిసారి అంచనా వేశాడు. అదే సిద్ధాంతం ఇంకోచోట తప్పింది. వాయువుల రెండు విశిష్టోష్ణాల నిష్పత్తి తిరిగే అణువులకు 1.33 రావాలని లెక్క చెబితే, గాలికి కొలిచిన విలువ 1.41కి దగ్గరగా ఉంది. ఈ తేడాను మాక్స్‌వెల్ దాచలేదు, సిద్ధాంతానికి తగిలిన పెద్ద దెబ్బగానే ఒప్పుకున్నాడు. క్వాంటం సిద్ధాంతం వచ్చేదాకా అది తీరలేదు. కాబట్టి 1895లో ల్యూబెక్ సభలో ఆస్ట్‌వాల్డ్ లేచి, శక్తి ఒక్కటి చాలు, కణాలు అనవసరమన్నప్పుడు, ఆయన ఎదుట ఉన్నది తిరుగులేని సిద్ధాంతం కాదు. బోల్ట్జ్‌మన్ కణసిద్ధాంతాన్ని గట్టిగా సమర్థించాడు, సమర్థించవలసిన అవసరమూ ఉంది. వియన్నాలో మాక్ కూడా, ఇంద్రియాలకు అందని వస్తువును లెక్కకు సాధనంగా వాడుకోవచ్చు గానీ ఉందని చెప్పకూడదని పట్టుబట్టాడు.

మాక్ అభ్యంతరానికి జవాబు దొరికింది పసుపుపచ్చ గాంబోజ్ బంకలో. నీటిలో తేలే పుప్పొడి రేణువుల్లోంచి వచ్చిన సూక్ష్మకణాలు ఆగకుండా కదులుతాయని 1827లో రాబర్ట్ బ్రౌన్ గమనించాడు. కంటికి కనబడని అణువుల తాకిడే అందుకు కారణమైతే, కణం జరిగే సగటు దూరం కాలం వర్గమూలంతో పెరగాలని 1905లో ఐన్‌స్టీన్ లెక్కవేశాడు. జ్యాఁ పెర్రిన్ ఆ బంకను నీటిలో కలిపి, ఒకే పరిమాణమున్న గింజలను ఎంతో ఓపికతో వేరుచేశాడు. ఎత్తు పెరిగే కొద్దీ గాలి పలచబడినట్టు, ఆ గింజలూ పైకి పోయే కొద్దీ తగ్గాలి. 0.212 మైక్రాన్ల వ్యాసార్ధమున్న గింజలు అడుగు నుంచి 5, 35, 65, 95 మైక్రాన్ల ఎత్తుల్లో 100, 47, 23, 12 చొప్పున లెక్కకు వచ్చాయి. ప్రతి 30 మైక్రాన్లకూ దాదాపు సగం. గాలి సాంద్రత సగమయ్యే ఎత్తు కిలోమీటర్లలో ఉంటుంది. గింజ బరువు తెలుసు, ఈ రెండు ఎత్తుల నిష్పత్తి తెలుసు, కాబట్టి గాలి అణువు బరువు తెలుస్తుంది, దాని నుంచి అవొగాడ్రో సంఖ్య. ఈ పద్ధతిలో ఆయనకు వచ్చినది 6.8ని 10 ఇరవైమూడో ఘాతంతో గుణించినంత. నేటి విలువ 6.022. కొంచెం ఎక్కువే, అయినా అసలు విషయం ఈ ఒక్క కొలత కాదు. వేడి వస్తువు వెలువరించే కాంతి నుంచి ప్లాంక్ తీసిన విలువ, రేడియోధార్మిక పదార్థం నుంచి వచ్చే ఆల్ఫా కణాలను ఒక్కొక్కటిగా లెక్కపెట్టి రూథర్‌ఫర్డ్, గైగర్ తీసిన విలువ, ఆకాశపు నీలిరంగు నుంచి తీసిన విలువ, ఇలా పదికి పైగా దారులను పెర్రిన్ 1913 నాటి తన గ్రంథంలో పక్కపక్కన పెట్టాడు. అన్నీ ఒకే చోటి చుట్టూ చేరాయి. పరమాణువులు లేకపోతే ఆకాశం రంగుకూ బంక గింజలకూ రేడియానికీ ఒకే సంఖ్య రావడానికి వేరే కారణం చెప్పాలి. ఎవరూ చెప్పలేకపోయారు.

ఆస్ట్‌వాల్డ్ తన రసాయన గ్రంథం కొత్త కూర్పుకు 1908 నవంబరులో రాసిన ముందుమాటలో, వాయు అయానులను లెక్కపెట్టిన థామ్సన్‌నూ బ్రౌనియన్ చలనాన్ని కొలిచిన పెర్రిన్‌నూ పేర్కొని, పరమాణువుకు ప్రయోగ ఆధారం దొరికిందని బాహాటంగా ఒప్పుకున్నాడు. ఆయన మారింది వాదనకు కాదు, అంకెకు. బోల్ట్జ్‌మన్ ఆ మాట వినలేదు, ఆయన 1906లోనే పోయాడు.

చివరి ఆక్షేపణ ఒకటి మిగిలింది. పరమాణువు రుజువయ్యేనాటికి అది పగిలిపోయింది కదా అని కొందరంటారు. 1897లో థామ్సన్ ఎలక్ట్రాన్‌ను చూపాడు, 1911లో రూథర్‌ఫర్డ్ కేంద్రకాన్ని చూపాడు. అంటే డెమోక్రిటస్, కణాదుడు, డాల్టన్ అందరూ చెప్పిన అఖండ కణం లేదన్నమాటే కదా? నిజమే, లేదు. భాగాలు లేనివి ఎలా తాకుతాయన్న వసుబంధుడి ప్రశ్నకు జవాబు కూడా అక్కడే ఉంది: పరమాణువుకు భాగాలున్నాయి, అవి విద్యుత్తుతో ఒకదాన్నొకటి లాగుకుంటాయి, నెట్టుకుంటాయి. 1913లో సాడీ ఐసోటోపుల భావనను ప్రతిపాదించడంతో, ఒక మూలకపు పరమాణువులన్నీ ఒకే బరువున్నవన్న డాల్టన్ మాట కూడా పోయింది. అఖండత, సమానభారం అన్న రెండు లక్షణాలూ కొలిచి చెప్పినవి కావు, తర్కం కోసం ముందుగా ఒప్పుకున్నవి. కొలతలోంచి వచ్చినవాటికి ఏమీ కాలేదు. సహజ కార్బన్‌లో రెండు రకాల పరమాణువులున్నాయని తెలిశాక కూడా దాని సగటు భారం 12కి అటూఇటూగానే ఉంది, నీటి అణువులో హైడ్రోజన్లు రెండే, పెర్రిన్ సంఖ్యలో మారింది దశాంశాలే.